గోడ ఎక్కడ పెట్టావు? జనరల్ రిలేటివిటీని వృత్తిగా ఎంచుకునేవాళ్లకు

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఒక రాత్రి రెండున్నరకి నేనో పెద్ద ఆవిష్కరణ చేశాననుకున్నాను. కంప్యూటర్లో ఒక బ్లాక్ హోల్ మీదికి చిన్న గురుత్వ తరంగాన్ని పంపి, అది ఎలా చెదురుతుందో చూస్తున్నాను. అనుకున్నట్టే బ్లాక్ హోల్ గంటలా ఒకసారి మోగి సద్దుమణిగింది. కాసేపటికి మళ్లీ మోగింది. రెండో మోత చిన్నదే, కానీ స్పష్టంగా ఉంది. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. పేపర్‌కి పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

పొద్దున్నే గ్రాఫ్ ప్రింట్ తీసుకుని మా గైడ్ గదికి పరుగెత్తాను. ఆవిడ కళ్లజోడు పైకి నెట్టి, కాగితం చూసి ఒకే ఒక్క మాట అడిగారు. "గోడ ఎక్కడ పెట్టావు?"

గోడ అంటే లెక్క ఆగిపోయే చోటు. బ్లాక్ హోల్ చుట్టూ ఉన్న ఖాళీకి అంచు లేదు, కంప్యూటర్ మెమరీకి ఉంది. అందుకని ఎక్కడో ఒకచోట, లెక్క కట్టే బిందువుల వల అయిన గ్రిడ్‌ని తెంచాలి. నేను 200 దగ్గర తెంచాను. 50 దగ్గర నిలబడి తరంగాన్ని చూస్తున్నాను. మోత నన్ను దాటి 150 దూరం వెళ్లింది. అక్కడి గోడ కొంత మింగి, మిగతాది వెనక్కి కొట్టింది. అది ఇంకో 150 నడిచి నా దగ్గరికి తిరిగొచ్చింది. మొత్తం 300. నా రెండో మోత మొదటిదానికి కచ్చితంగా 300 ఆలస్యంగా ఉంది. గోడని 400కి జరిపితే ఆ ఆలస్యం 700 అయింది. (మా లెక్కల్లో వెలుగు వేగాన్ని ఒకటిగా పెట్టుకుంటాం, దూరాన్నీ కాలాన్నీ బ్లాక్ హోల్ ద్రవ్యరాశితోనే కొలుస్తాం. అందుకే రెండిటికీ ఒకే యూనిట్.) నేను కనిపెట్టింది నేను కట్టిన గోడనే.

జనరల్ రిలేటివిటీ అంటే ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతం. ఇరవై ఏళ్లకు పైగా ఈ రంగంలో ఉన్నాను. కనబడేదాంట్లో ప్రకృతి చేసింది ఎంత, మనం వేసుకున్న కోఆర్డినేట్లూ గ్రిడ్లూ చేసింది ఎంత అని విడదీయడమే మా పని అని నాకనిపిస్తుంది. ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలు నన్ను అడిగేవాటికి ఆ దృష్టితోనే జవాబులు చెబుతుంటాను. వాటినే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చేత్తో

"గణితం ఎంత రావాలి?" అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. భయపడేంత అక్కర్లేదు. లీనియర్ ఆల్జీబ్రా, ఎక్కువ చలరాశుల కాలిక్యులస్, డిఫరెన్షియల్ సమీకరణాలు బాగా రావాలి. బాగా అంటే పరీక్ష గట్టెక్కేంత కాదు, నిద్రలో లేపి అడిగినా చెయ్యగలిగేంత. ఫిజిక్స్‌లో లగ్రాంజియన్ మెకానిక్స్, విద్యుదయస్కాంతం, స్పెషల్ రిలేటివిటీ కావాలి. టెన్సర్ల (వంపు లాంటివాటిని రాసుకునే అంకెల పట్టికల) కోసం విడిగా ఒక ఏడాది కూర్చోనక్కర్లేదు, అవి దారిలోనే వస్తాయి. ఐన్‌స్టీన్‌కే రీమాన్ జ్యామితి ముందుగా తెలియదు. 1912లో పాత క్లాస్‌మేట్ మార్సెల్ గ్రాస్‌మన్ని సాయం అడిగి నేర్చుకున్నాడు. సమీకరణాల తుది రూపం 1915 నవంబర్ 25న బయటికొచ్చింది. ఆ మూడేళ్ల తంటాల్లో చాలా భాగం కోఆర్డినేట్ల చిక్కే. 1912 నాటి నోట్‌బుక్‌లోనే సరైన దారికి బాగా దగ్గరగా వచ్చి, అది కాదనుకుని వదిలేసి, మళ్లీ అక్కడికే తిరిగొచ్చాడు. పాత నోట్‌బుక్కులు పారేయొద్దని నేను చెప్పేది అందుకే.

ఆ సమీకరణాలకు మొదటి కచ్చితమైన పరిష్కారం కొద్ది వారాల్లోనే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్న కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ కనిపెట్టాడు. 1916 మేలో ఆయన చనిపోయాడు. గుండ్రంగా, తిరగకుండా ఉన్న ద్రవ్యరాశి చుట్టూ స్థలకాలం ఎలా వంగుతుందో చెప్పే మెట్రిక్ (దూరాన్నీ కాలాన్నీ కొలిచే సూత్రం) అది. మీ మొదటి నెలంతా ఆ ఒక్క మెట్రిక్‌తోనే గడపండి. కంప్యూటర్ ఆపేసి, తెల్లకాగితాల కట్ట ముందేసుకుని క్రిస్టోఫెల్ సింబల్స్ (మెట్రిక్ చోటుచోటుకీ ఎలా మారుతుందో చెప్పే రాశులు) లెక్క కట్టండి. నాలుగు కొలతల్లో మొత్తం 40 ఉంటాయి, ఇక్కడ సున్నా కానివి తొమ్మిదే. తర్వాత స్థలకాలం వంపుని చెప్పే రీమాన్ టెన్సర్. మామూలుగా దాంట్లో 20 స్వతంత్ర భాగాలుంటాయి, ఇక్కడ సౌష్ఠవం పుణ్యాన చాలామటుకు ఎగిరిపోతాయి. ఆఖరికి ఆ టెన్సర్‌ని దానితోనే గుణించి అన్నీ కూడితే ఏ కోఆర్డినేట్లలో చూసినా మారని ఒక్క విలువ మిగులుతుంది. దాని పేరు క్రెచ్‌మన్ స్కేలార్. జవాబు: 48 ఇంటూ ఎమ్ స్క్వేర్, కింద ఆర్ పవర్ 6. ఎమ్ అంటే ద్రవ్యరాశి, ఆర్ అంటే కేంద్రం నుంచి దూరం.

అసలు సంగతి ఇప్పుడు. ఆర్ విలువ 2ఎమ్ అయినచోట మెట్రిక్‌లో ఒక భాగం సున్నా అవుతుంది, ఇంకోటి అనంతానికి పోతుంది. సూర్యుడి ద్రవ్యరాశికైతే ఆ దూరం దాదాపు 3 కిలోమీటర్లు, భూమికైతే 9 మిల్లీమీటర్లు. చూడగానే అక్కడ స్థలకాలం చిరిగిపోయిందనిపిస్తుంది. దశాబ్దాలపాటు ఉద్దండులే తికమకపడ్డారు. మీ స్కేలార్‌లో ఆర్ బదులు 2ఎమ్ పెట్టండి. ఎమ్ ఒకటనుకుంటే 48 బై 64, అంటే ముప్పాతిక. అనంతం కాదు, ముప్పాతిక! అక్కడ ఏదీ చిరగలేదు, చెడింది మనం వాడిన కోఆర్డినేట్లు. ఉత్తర ధ్రువం దగ్గర రేఖాంశాలన్నీ ఒకే బిందువులో కలిసిపోతాయి. అంతమాత్రాన అక్కడ భూమికి చిల్లు పడిందంటామా? 1933లోనే లెమైత్ర్ ఈ సంగతి చెప్పాడు గానీ పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు. 1958లో ఫింకెల్‌స్టీన్, 1960లో క్రుస్కాల్ చెప్పాక గానీ మబ్బు విడలేదు.

ఆ ముప్పాతిక మీ చేతిరాతలో, మీ కాగితం మీద రావాలి. నాకు నాలుగోసారికి వచ్చింది. మొదటి మూడుసార్లూ ఒకే చోట గుర్తు తప్పాను.

గుర్తులంటే ప్లస్, మైనస్. ఈ రంగంలో వాటితో ఉన్న గొడవ ఇంతా అంతా కాదు. మెట్రిక్‌లో కాలానికి మైనస్ పెట్టేవాళ్లు ఒక వర్గం, స్థలానికి పెట్టేవాళ్లు ఇంకో వర్గం. రీమాన్ టెన్సర్ నిర్వచనంలో మళ్లీ తేడాలు. 1973లో మిస్నర్, థోర్న్, వీలర్ ముగ్గురూ కలిసి రాసిన ఇటుకంత పుస్తకం 'గ్రావిటేషన్' ముందు అట్ట లోపలివైపున, ఏ రచయిత ఏ గుర్తులు వాడాడో చెప్పే పట్టికే ఉంది. నా పద్ధతి ఇది. కొత్త నోట్‌బుక్ తెరవగానే మొదటి పేజీలో నా గుర్తులేవో పెద్దక్షరాలతో రాసుకుంటాను. వేరే పేపర్ లోంచి సమీకరణం తెచ్చుకుంటే ముందు దాన్ని నా గుర్తుల్లోకి మార్చి, పక్కన టిక్ పెడతాను. టిక్ లేనిదాన్ని వాడను. చాదస్తమే. ఈ చాదస్తం లేని రోజుల్లో ఒక మైనస్ కోసం మూడు నెలలు తగలేశాను.

ఒక మెట్రిక్ చేత్తో పూర్తయ్యాక మాత్రం మొహమాటపడకుండా కంప్యూటర్ వాడండి. సేజ్‌మ్యాథ్ ఉచితం. మ్యాథమెటికా ఉన్నవాళ్లకు ఎక్స్‌యాక్ట్ ప్యాకేజీ ఉంది. రెండో మెట్రిక్ కూడా చేత్తోనే చేస్తానని పంతం పడితే దాన్ని కష్టపడటం అనరు, కాలయాపన అంటారు.

బ్లాక్ హోల్‌ని మోగించడం

పరిశోధన అంటే ఏమిటో రుచి చూడాలంటే నేను దొరికిపోయిన ఆ లెక్కనే మీరూ చెయ్యండి. దీన్ని మొదట చేసింది సి.వి. విశ్వేశ్వర, 1970లో. బ్లాక్ హోల్ అనేది నిజంగా ఉంటే దాన్ని ఆనవాలు పట్టడం ఎలా అన్నది ఆయన ప్రశ్న. దాని మీదికి గాసియన్ (గంటలాంటి) ఆకారంలో తరంగం పంపి చూశారు. వెడల్పాటి తరంగంతో విశేషమేమీ కనబడలేదు. సన్నం చేసుకుంటూ పోయారు. ఒక హద్దు దాటాక బ్లాక్ హోల్ తన సొంత శ్రుతిలో మోగి, ఆరిపోయింది. తట్టినవాడు ఎవరైనా, ఎలా తట్టినా శ్రుతి అదే. అది ద్రవ్యరాశి మీదా, తిరిగే వేగం మీదా మాత్రమే ఆధారపడుతుంది.

మీకు కావలసింది రెజ్జీ, వీలర్ 1957లో రాసిన సమీకరణం. మామూలు తరంగ సమీకరణమే, మధ్యలో ఒక గుట్ట అడ్డం ఉంటుందంతే. తరంగం ఆకారాన్ని చెప్పే అంకె ఎల్ విలువ 2 అయితే ఆ గుట్ట శిఖరం ఆర్ 3.28ఎమ్ దగ్గర వస్తుంది. దూరానికి ఆర్ వాడకుండా టార్టాయిస్ కోఆర్డినేట్ వాడండి. పేరుకి తగ్గట్టే తాబేలు. ఆర్ 2ఎమ్ ఉన్నచోటిని హొరైజన్ అంటాం, దాటితే వెనక్కి రాలేని హద్దు. హొరైజన్‌కి దగ్గరయ్యేకొద్దీ అడుగు చిన్నదవుతుంది, ఎన్నటికీ చేరుకోదు. దానివల్ల హొరైజన్ గ్రిడ్‌లో మైనస్ అనంతం వైపుకి తప్పుకుంటుంది, లెక్క హాయిగా సాగుతుంది. పైథాన్‌లో మహా అయితే వంద లైన్లు.

మోత తరిగే భాగాన్ని తీసుకుని తరిగిపోయే సైన్ తరంగంతో అతికించి చూడండి. రెండు అంకెలు రావాలి. ఊగే వేగానికి 0.3737, తరుగుదలకి 0.0890, రెండూ ఎమ్ యూనిట్లలో. వాటిని సెకన్లలోకి మార్చండి. సూర్యుడి ద్రవ్యరాశిని కాలంగా రాస్తే 4.925 మైక్రోసెకన్లు. పది సూర్యుల ద్రవ్యరాశి ఉన్న, తిరగని బ్లాక్ హోల్ దాదాపు 1200 హెర్ట్జ్ దగ్గర మోగి, అర మిల్లీసెకను కాస్త దాటేసరికి మూడో వంతుకి పడిపోతుందని తేలుతుంది. 1200 హెర్ట్జ్ మన చెవికి వినబడే శ్రుతే. మొదటిసారి ఆ అంకె వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అంకె సరిపోయింది కదా అని ఆగొద్దు. సరిపోవడం యాదృచ్ఛికం కావచ్చు. గ్రిడ్ అడుగుని సగం చెయ్యండి. మీ పద్ధతి రెండో ఆర్డర్‌దైతే లోపం నాలుగో వంతుకి పడాలి. సగానికే పడితే ఎక్కడో బగ్ ఉన్నట్టే. తర్వాత గోడని రెట్టింపు దూరానికి జరపండి. ఇంకా ఓపికుంటే మోత ఆరిపోయాక మిగిలే సన్నటి తోకని పట్టుకోండి. కాలానికి మైనస్ ఏడో పవర్ చొప్పున తగ్గాలని 1972లో ప్రైస్ చూపించాడు. రెండు అక్షాలూ లాగ్‌లో పెడితే ఏటవాలు గీత వస్తుంది, వాలు మైనస్ 7. ఇది వెంటనే రాదు. తోక ఎంత సన్నగా ఉంటుందంటే, కంప్యూటర్ అంకెల్ని గుండ్రం చేసే తప్పులోనే మునిగిపోతుంది. అప్పుడు ఎక్కువ అంకెల కచ్చితత్వం పెట్టి మళ్లీ నడపాలి. ఆ వారమంతా తిట్టుకుంటారు, కానీ ఆ వారంలో నేర్చుకున్నది ఏ కోర్సులోనూ దొరకదు.

ఏ శాఖ

"ఏ శాఖకి భవిష్యత్తు ఉంది సార్?" అని అడుగుతారు. తెలిస్తే నేనే అటు పోయేవాణ్ణి. దానికి బదులు ఇలా చూసుకోమంటాను. ప్రతి శాఖకీ దాని విసుగు దానికుంది. ఏ విసుగుని మీరు తట్టుకోగలరు?

గణిత శాఖలో విసుగు ఏమిటంటే ఒకే అసమానత్వం ముందు నెలల తరబడి కూర్చోవడం. ఫలితం వస్తే మాత్రం అది చెక్కుచెదరదు. ఐన్‌స్టీన్ సమీకరణాలకు ప్రారంభ పరిస్థితి ఇస్తే పరిష్కారం ఉంటుందని ఇవాన్ షోకే-బ్రుహా 1952లో నిరూపించింది. ఈ రోజు నడిచే ప్రతి సిమ్యులేషన్ ఆ సిద్ధాంతం మీదే నిలబడి ఉంది. అమల్ కుమార్ రాయ్‌చౌధురి కథ నాకు మరీ ఇష్టం. ఉద్యోగంలో ఆయనకు చెప్పిన పని లోహాల గురించి. రిలేటివిటీ ఆయన సొంత వ్యసనం. 1955లో అచ్చయిన ఆయన సమీకరణం, పక్కపక్కన ప్రయాణించే కిరణాల్ని గురుత్వం ఎలా దగ్గరికి లాగుతుందో చెబుతుంది, అదీ ఏ ప్రత్యేక సౌష్ఠవమూ లేకుండా. పదేళ్లకు పెన్‌రోజ్, తర్వాత హాకింగ్ సింగులారిటీ (సమీకరణాలు చెడిపోయే చోటు) సిద్ధాంతాలు కట్టింది ఆ ఇటుక మీదే. పెన్‌రోజ్ 1965 పేపర్‌కి నోబెల్ 2020లో వచ్చింది. యాభై అయిదేళ్లు! బహుమతుల కోసం ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ముందు ఆరోగ్యం చూసుకోవాలి.

న్యూమరికల్ శాఖ నాది. ఇక్కడి విసుగు కూలిపోయే కోడ్లు. రెండు బ్లాక్ హోళ్లని కంప్యూటర్లో ఢీకొట్టించాలని 1964లో హాన్, లిండ్‌క్విస్ట్ మొదలుపెట్టారు. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి కలిసిపోయేదాకా లెక్క నిలబడింది 2005లో, ఫ్రాన్స్ ప్రిటోరియస్ చేతిలో. నలభై ఏళ్లు పట్టింది కంప్యూటర్లు చిన్నవని మాత్రమే కాదు. సమీకరణాల్ని ఏ రూపంలో రాయాలి, లెక్క నడుస్తుండగా కోఆర్డినేట్లు ఎలా కదలాలి అన్నది తేలలేదు. చిన్న లోపం ప్రతి అడుగులోనూ పెరిగి, కాసేపటికి తెర మీద అంకెల బదులు 'నాన్' అని పడుతుంది. నాట్ ఎ నంబర్. నేను పీహెచ్‌డీలో చదివిన వాక్యాల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు చదివింది అదే.

డేటా శాఖకి ఇప్పుడు గిరాకీ ఉంది. 2015 సెప్టెంబర్ 14న గురుత్వ తరంగాల్ని పట్టే లైగో యంత్రాలు రెండూ ఏడు మిల్లీసెకన్ల తేడాతో ఒకే సంకేతం పట్టుకున్నాయి. సుమారు 36, 29 సూర్యుల బరువున్న బ్లాక్ హోళ్లు కలిసి 62 అయ్యాయి, మిగిలిన మూడు సూర్యుల ద్రవ్యరాశి తరంగాలుగా పోయింది. నాలుగు కిలోమీటర్ల చేయి ప్రోటాన్ వ్యాసంలో కొన్ని వందల్లో ఒక వంతు మాత్రమే కదిలింది. ఆ డేటా అంతా ఉచితంగా దొరుకుతుంది, దించుకుని సంకేతాన్ని మీరే బయటికి తీయొచ్చు. శబ్దంలోంచి మాట ఏరడం ఇష్టమైనవాళ్లకు ఇది స్వర్గం. విసుగు: మీటింగులు.

కాస్మాలజీ, క్వాంటమ్ గ్రావిటీ గురించి నేను సలహా ఇవ్వను. దూరం నుంచి చూసి చెప్పే సలహా ప్రమాదం.

గైడ్, రోజువారీ పని

గైడ్‌ని ఎంచుకునేముందు వాళ్ల పేపర్ల లెక్క చూడటం మామూలే. నేనైతే వాళ్ల దగ్గర చదువుతున్న మూడో ఏడాది విద్యార్థితో విడిగా అరగంట మాట్లాడమంటాను. రెండు ప్రశ్నలు చాలు. "మీ మొదటి ప్రాబ్లమ్ ఫెయిలైనప్పుడు గైడ్ ఏం చేశారు?", "ఆఖరిసారి మీ లెక్క వాళ్లు లైను లైనుగా చూసింది ఎప్పుడు?" రెండోదానికి జవాబు చెప్పేముందు ఆ విద్యార్థి తడుముకుంటే అర్థమైపోతుంది. మా గైడ్ నన్ను పొగిడిన సందర్భాలు నాకు గుర్తులేవు. తప్పు లెక్కని ఒక్కసారి కూడా దాటిపోనివ్వలేదు.

రోజువారీ జీవితం బయటివాళ్లు ఊహించుకునేంత గొప్పగా ఉండదు. పొద్దున్న కొత్త పేపర్లు ఉచితంగా పెట్టే ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో మా రంగానిదైన జీఆర్-క్యూసీ విభాగం తెరుస్తాను. కొత్త పేపర్ల పేర్లు, సారాంశాలు. పావుగంట, అంతకుమించి కాదు. ఒకటీ రెండు పక్కన పెట్టుకుంటాను. చదివే పద్ధతి కూడా చెబుతాను. ముందు బొమ్మలు, తర్వాత బొమ్మల కింది రాత, తర్వాత ముగింపు. అప్పటికీ ఆసక్తి ఉంటే కాగితం తీసుకుని వాళ్ల మొదటి సమీకరణం నుంచి మూడోదానికి నేనే వెళ్లి చూస్తాను. దారి దొరికితే మిగతాది చదువుతాను. మధ్యాహ్నం ఎక్కువగా కోడ్, లేదా విద్యార్థుల కోడ్. నిజంగా కొత్త ఆలోచన వచ్చే రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా రోజులన్నీ ఆ ఆలోచన తప్పేమోనని పరీక్షించడంతో సరి.

రాత్రి రెండున్నరకి వచ్చిన ఫలితాన్ని ఎవరికీ మెయిల్ చెయ్యకండి. పొద్దున్న చూడండి.

పేపర్, రిఫరీ

జర్నల్ తరఫున మీ పేపర్‌ని పరిశీలించే నిపుణుణ్ణి రిఫరీ అంటారు. మీ మొదటి రిఫరీ నివేదిక చదివిన రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి. నా మొదటిదాంట్లో "ఈ ఫలితం రచయిత ఎంచుకున్న కోఆర్డినేట్ల ప్రభావం కావచ్చు" అని ఉంది. మండిపోయింది. ఘాటుగా జవాబు రాశాను, అదృష్టం కొద్దీ పంపలేదు. మూడు రోజుల తర్వాత అదే లెక్కని వేరే కోఆర్డినేట్లలో చేసి చూస్తే, నా నాలుగు ఫలితాల్లో ఒకటి మాయమైంది.

ఈ విషయంలో నాకు తోడుగా చాలా పెద్దాయనే ఉన్నాడు. 1936లో ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలు లేవని తేల్చే పేపర్ ఒకటి ఫిజికల్ రివ్యూకి పంపారు. తరంగాలకు కచ్చితమైన పరిష్కారం కోసం వెతికితే సింగులారిటీ ఎదురైంది, కాబట్టి తరంగాలే లేవన్నది వాళ్ల వాదన. ఎడిటర్ దాన్ని రిఫరీకి చూపించాడు. రిఫరీ పది పేజీల వ్యాఖ్యానం రాశాడు. అచ్చవ్వకముందే తన పేపర్ ఇంకొకరికి చూపించడమేమిటని ఐన్‌స్టీన్ కోపగించుకుని వెనక్కి తీసేసుకున్నాడు. ఆ రిఫరీ హోవర్డ్ పెర్సీ రాబర్ట్‌సన్. ఐన్‌స్టీన్ సహాయకుడు ఇన్‌ఫెల్డ్‌తో మామూలు కబుర్లలా మాట్లాడి తప్పు ఎక్కడుందో నెమ్మదిగా చూపించాడు. ఆ సింగులారిటీ కోఆర్డినేట్లదే, స్థూపాకార కోఆర్డినేట్లలో చూస్తే సమస్యే లేదు. 1937లో అదే పేపర్ ఇంకో జర్నల్లో వచ్చింది, ముగింపు తలకిందులై. ఫిజికల్ రివ్యూకి మాత్రం ఐన్‌స్టీన్ మళ్లీ పరిశోధన పేపర్ పంపలేదు. కోపం తగ్గలేదు, తప్పు మాత్రం దిద్దుకున్నాడు.

రిఫరీకి జవాబు రాసేటప్పుడు వాళ్ల ప్రతి వాక్యాన్నీ అతికించి, దాని కిందే మీ జవాబు, ఏ పేజీలో ఏం మార్చారో రాయండి. ఒప్పుకోనిచోట లెక్క చూపించండి. "రిఫరీ సరిగా చదవలేదు" అనిపించిన ప్రతిసారీ అర్థం, మీరు సరిగా రాయలేదని.

ఉద్యోగం

ఇది కష్టమైన భాగం, తియ్యగా చెప్పలేను. పీహెచ్‌డీ తర్వాత నేరుగా స్థిరమైన ఉద్యోగం దాదాపు ఎవరికీ రాదు. ఒక్కొక్కటి రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్‌లు (తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), రెండో మూడో. ప్రతిసారీ ఊరు, తరచూ దేశం మారాలి. దరఖాస్తుల కాలం ఎక్కువగా సెప్టెంబర్ నుంచి డిసెంబర్. సిఫారసు లేఖలు రాసేవాళ్లకు ఆరు వారాల ముందే చెప్పండి. మీ పని గురించి ఒక పేజీ సారాంశం వాళ్ల చేతిలో పెట్టండి, వాళ్లకు అన్నీ గుర్తుంటాయనుకోకండి. నా రెండో పోస్ట్‌డాక్ కోసం నలభై ఒక్క దరఖాస్తులు పంపాను. ఇంటర్వ్యూలు మూడు, ఉద్యోగం ఒకటి. చాలాచోట్ల నుంచి జవాబే లేదు. జవాబు రాకపోవడాన్ని కూడా ఒక కాలమ్‌లో రాసుకునేవాణ్ణి, ఎందుకో టెన్షన్ కాస్త తగ్గేది.

పరిశోధన ప్రణాళికలో "క్వాంటమ్ గ్రావిటీ రహస్యం ఛేదిస్తాను" అని రాయకండి. మొదటి ఏడాది ఏ లెక్క, దానికి కావలసిన కోడ్ ఇప్పటికే ఉందా, అది విఫలమైతే ఏం చేస్తారు? ఈ మూడూ ఉంటే చదివేవాళ్లు ఆగి చదువుతారు.

భార్యాభర్తలిద్దరూ ఈ వృత్తిలోనే ఉంటే వచ్చే చిక్కుని మావాళ్లు టూ-బాడీ ప్రాబ్లమ్ అంటారు. రిలేటివిటీలో రెండు వస్తువుల సమస్యకు కచ్చితమైన పరిష్కారం లేదని తెలిసినవాళ్లు ఆ మాటకి నవ్వరు. మేమిద్దరం నాలుగేళ్లు వేర్వేరు టైమ్ జోన్లలో ఉన్నాం. ముందే కూర్చుని, ఎన్నేళ్లు ఇలా ఉండగలమో ఒక అంకె అనుకున్నాం. ఆ అంకె దాటితే ఎవరో ఒకరు వృత్తి మారాలని ఒప్పందం. అంతదాకా రాలేదు. నాతోపాటు చదివినవాళ్లలో సగానికి పైగా మారారు. సమీకరణాల్ని కోడ్‌గా రాసి, దాన్ని నమ్మకుండా పరీక్షించే అలవాటు బయట కూడా బాగానే పనికొస్తోందని వాళ్లంటారు.

పెద్ద బృందంలో చేరితే లెక్కలు వేరు. లైగో మొదటి ఆవిష్కరణ పేపర్‌కి దాదాపు వెయ్యిమంది రచయితలు. అక్కడ మీ పేరు పేపర్ మీద కన్నా, ఏ పనికి మీరు బాధ్యులో అంతర్గతంగా ఎంతమందికి తెలుసన్నది ముఖ్యం. అయితే జాగ్రత్త నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు. 2010 సెప్టెంబర్‌లో వాళ్ల డేటాలో ఒక బలమైన సంకేతం కనబడింది. నెలల తరబడి విశ్లేషించి, పేపర్ కూడా సిద్ధం చేశారు. 2011 మార్చిలో అందరూ చూస్తుండగా కవరు తెరిచారు. కొద్దిమంది కావాలనే రహస్యంగా చొప్పించిన దొంగ సంకేతం అది, బృందం పట్టుకోగలదా లేదా అని పరీక్ష. అయిదేళ్లకు అసలుది వచ్చినప్పుడు చాలామంది మొదటి ప్రశ్న, ఇది కూడా అలాంటిదేనా అని.

పోయిన ఏడాది నా పేపర్ ఒకటి పంపడానికి సిద్ధంగా ఉంది. ఢీకొట్టిన తర్వాత మోతలో ఒక చిన్న మిట్ట, దానికి నేనిచ్చిన వివరణ రెండు పేజీలు. నా దగ్గర చేరి ఎనిమిది నెలలైన అమ్మాయి గ్రాఫ్‌ని చాలాసేపు చూసి, "సార్, ఏమీ అనుకోకండి. గోడ ఎక్కడ పెట్టారు?" అంది. చాలా దూరంలోనే ఉందమ్మా అన్నాను. "మరి లోపల గ్రిడ్ సన్నం నుంచి ముతకగా మారే చోటు?" అంది. అదీ ఒక గోడేనన్న ఆలోచన నాకు రాలేదు. ఆ సరిహద్దుని జరిపి రాత్రంతా నడిపాం. మిట్ట కూడా జరిగింది. బొమ్మ తీసేశాం, రెండు పేజీలూ తీసేశాం. నెల ఆలస్యంగా పంపిన పేపర్లో ఆ అమ్మాయి పేరు కృతజ్ఞతల్లోంచి రచయితల వరుసలోకి మారింది.